క్రాంప్టన్ కోసిన పచ్చిక

ఇంగ్లండులోని లాంకషైర్ అంతా గాలించినా తన పచ్చికకు సాటి లేదని పార్కు తోటమాలి ఎనాక్ క్రాంప్టన్ నమ్మకం. కాదన్నవాడితో ఆ వారమంతా మాట్లాడేవాడు కాదు. మా ఊరి పార్కులో పెద్దవాళ్లు చెక్కబంతులు దొర్లించి ఆడుకునే నలభై గజాల చదరం అది. సముద్రపు పోటు తగిలే బీళ్ల నుంచి గడ్డి తెప్పించి, తమ్ముడు వాల్టర్‌తో కలిసి తన చేతులతో పరిచాడు. తరవాత 1914 యుద్ధం వచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఫ్రాన్సు వెళ్లి రెండేళ్లు కందకాలు తవ్వారు. ఒక కందకం గోడ కూలి వాల్టర్ మీద పడింది. ఎనాక్ ఒక్కడే తిరిగొచ్చి మళ్లీ పచ్చిక పని చూసుకున్నాడు.

1938 సెప్టెంబరు చివర్లో హిట్లర్ చెకోస్లొవేకియాలో ముక్క అడుగుతున్నాడనీ, ఇవ్వకపోతే యుద్ధమేననీ రేడియో రోజంతా చెప్పింది. పార్కు పక్కనున్న చిన్నపిల్లల బడికి నేలమాళిగ లేదు. బాంబులు పడితే పిల్లల్ని దాచడానికి కందకం తవ్వమని పురపాలక సంఘం ఉత్తర్వు వేసింది. పార్కులో నీరు నిలవని నేల ఎనాక్ పచ్చిక ఒక్కటే.

దానిమీద ఇంకొకడి పార పడటానికి అతను ఒప్పుకోలేదు. గడ్డిని వేళ్లతో, రెండంగుళాల మట్టితో సహా పలకలుగా తనే కోశాడు. చాపల్లా చుట్టి, గోడ నీడన పేర్చి, తడి గోనెలు కప్పాడు. ఆపైన కూలీలు ఆరడుగుల లోతున తవ్వారు. పచ్చిమట్టి వాసన తగలగానే ఎనాక్ పనిముట్ల కొట్టంలోకి వెళ్లి కూర్చున్నాడు. చీకటి పడేదాకా బయటికి రాలేదు.

మూడు రోజులకు మా ప్రధానమంత్రి జర్మనీలోని మ్యూనిక్ నుంచి సంతకాల కాగితంతో దిగాడు. అడిగిన ముక్క ఇచ్చేశారు, యుద్ధం తప్పింది. ఊళ్లో మగవాళ్లు కూడా వీధుల్లో నిలబడి ఏడ్చారు. ఎనాక్ కూడా ఏడ్చాడు. ఇవాళ వాళ్లను తప్పుపట్టడం తేలికే కానీ, ఆ ఏడుపు నేను చూశాను గనక నాకు నోరు రాదు.

మరుసటి బుధవారం చర్చి హాల్లో ఊరివాళ్లంతా సమావేశమయ్యారు. కందకం ఉంచాలా, పూడ్చాలా అన్నది తేల్చాలి. బంతులాట క్లబ్బు అధ్యక్షుడు, నూలుమిల్లు మేనేజరు పిల్లింగ్ ముందు లేచాడు.

"సంతకాలు అయ్యాక ఇంకా ఆ గుంటేంటండీ? ఒక చేత్తో స్నేహం చేసి, రెండో చేత్తో కర్ర దాచుకున్నట్టుంటుంది."

"కర్ర ఉన్నది హిట్లర్ చేతిలోనండీ" అంది హెట్టీ. ఆమె వాల్టర్ భార్య. ఆ బడిలోనే చిన్న తరగతికి పాఠాలు చెబుతుంది. "పక్కింటాయన వాకిలి రాసిచ్చి మనం పండగ చేసుకుంటున్నాం. మన వాకిలైతే ఇంత ధారాళంగా ఇచ్చేవాళ్లమా?"

"అమ్మా, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్నదానివి. నువ్వా మళ్లీ యుద్ధం కోరేది?"

"నాకు యుద్ధం వద్దు, గుంట కావాలి. నా దగ్గర నలభై ముగ్గురు పిల్లలున్నారు. రేపేదైనా అయితే వాళ్లను ఎక్కడ దాచమంటారు, మీ టోపీ కిందా?"

హాలంతా నవ్వింది. పిల్లింగ్ మొహం కందగడ్డయింది. అతను ఎనాక్ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పవయ్యా. చుట్టల్లో ఉన్న గడ్డి ఇంకెన్నాళ్లు బతుకుతుంది?"

"ఇంకో నాలుగు రోజులండీ."

"ఆ తరవాత?"

"చచ్చిపోతుంది."

అబద్ధం కాదు. కానీ చుట్టలు విప్పి, వెనక ఖాళీ స్థలంలో పరిచి నీళ్లు పోస్తే ఆ గడ్డి ఎన్నాళ్లయినా బతుకుతుంది. పచ్చికా దక్కుతుంది, కందకమూ ఉంటుంది. ఆ సంగతి ఎనాక్‌కు తెలుసు. అది చెప్పకుండా మింగేశాడు. ఆ గుంట తన కళ్ల ముందు ఉండకూడదు, అంతే. పూడ్చాలని ముప్పావు హాలు చేతులెత్తింది. హెట్టీ అతని వైపు ఒక్కసారి చూసి, కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

గుంట తనే పూడ్చి, గడ్డి మళ్లీ పరిచి, చలికాలమంతా ఎనాక్ మోకాళ్ల మీద పాకుతూ అతుకులు సరిచేశాడు. హెట్టీ ఎప్పటిలాగే ఆదివారం భోజనాలకు వచ్చేది, ఆ ఊసు ఎత్తేది కాదు. మార్చి నాటికి తవ్విన ఆనవాలు కూడా కనిపించలేదు. పిల్లింగ్ పక్క ఊళ్ల నుంచి జనాన్ని తెచ్చి చూపించేవాడు.

మార్చి పదిహేనున జర్మన్ సైన్యం చెకోస్లొవేకియా రాజధాని ప్రేగ్‌లో దిగింది. ముక్కతో సరిపెట్టుకుంటానన్నవాడు దేశమంతా తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మిల్లుకు వెళ్తున్న పిల్లింగ్‌కు పచ్చిక మధ్యలో తాడు కట్టి, పార పట్టుకున్న ఎనాక్ కనిపించాడు.

"ఏం చేస్తున్నావు? ఇంకో మూడు వారాల్లో ఆటలు మొదలు. ఉత్తర్వు వచ్చిందా?"

"ఇంకా రాలేదండీ."

"ఉద్యోగం ఊడుతుందయ్యా."

"ఊడనివ్వండి. పార నాదే."

పిల్లింగ్ మిల్లు వైపు నడిచాడు. బడి విరామంలో హెట్టీ కంచె దగ్గరికి వచ్చింది. ఎనాక్ తలెత్తలేదు.

"హెట్టీ, ఆ రోజు నేను సగమే చెప్పాను. చుట్టలు విప్పి పరిస్తే గడ్డి బతికేది. గుంటా ఉండేది."

"తెలుసు బావగారూ. మీ తమ్ముడు చెప్పేవారు."

అతని చేతిలో పార ఆగింది. "తెలిసీ ఎందుకు ఊరుకున్నావమ్మా?"

హెట్టీ బడి కిటికీ వైపు చూసింది.

"అంత మాట్లాడానా, మీరు నాలుగు రోజులు అనేసరికి నోరు పెగల్లేదు. రోజూ బడి కిటికీలోంచి ఆ గుంట కనపడేది. ఆయన అందులోనే ఉన్నారనిపించేది. పూడిపోతే బాగుండునని నాకూ అనిపించింది."

బడి గంట మోగింది. పిల్లలు గోలగోలగా వరసలో నిలబడ్డారు, హెట్టీ కళ్లు తుడుచుకుని వాళ్ల దగ్గరికి వెళ్లింది. ఎనాక్ పార దింపాడు. తను పూడ్చిన మట్టే కదా, సులువుగానే తెగింది.