మంచి మోకాలికి కట్టు

ఫుట్‌బాల్ జట్టులో అందరూ ఆమెను ‘తాళం’ అంటారు. పద్నాలుగేళ్లుగా గోల్ ముందు కాపలా ఆమెదే. బంతితో ఆమెను దాటాలంటే ఎవరికైనా తలప్రాణం తోకకొచ్చేది.

రెండేళ్ల కిందట ఆమె ఎడమ మోకాలు పాడైంది. తెలిస్తే జట్టులోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. మ్యాచ్‌కి ముందు బాగున్న కుడి మోకాలికి కట్టు కట్టుకునేది. కట్టు చూసి ఎదుటివాళ్లంతా అటే ఎగబడేవాళ్లు, బంతి పోగొట్టుకునేవాళ్లు.

ఈ కిటుకు ఒక్కరికే చెప్పింది. “నొప్పి ఉన్నచోట కట్టు కట్టావా, ఎదుటివాళ్లకి అడ్రసు ఇచ్చినట్టేనే!” అని, తన గదిలో ఉంటూ అక్కా అక్కా అని తిరిగే చిన్నపిల్లకి. ఆ పిల్ల నిరుడు వేరే జట్టుకి వెళ్లిపోయింది.

ఈరోజు మ్యాచ్‌లో అదే పిల్ల నేరుగా ఎడమవైపుకే వచ్చింది. తిరగబోతే మోకాలు మెలిపడి ఆమె కూలబడింది. గోల్ పడిపోయింది.

మ్యాచ్ అయ్యాక పిల్ల బట్టలు మార్చుకునే గదికి వచ్చింది. “కోప్పడకక్కా. గోల్ కొట్టకపోతే తీసేస్తామన్నారు.”

“తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదే! పో అవతలికి!” అంటూ ఆమె మోకాలి మీది ఐసు సంచి విసిరికొట్టింది.

పిల్ల దాన్ని తియ్యబోయింది. ఎడమకాలు ముడవలేక గోడ పట్టుకుంది. కుడి మోకాలికి తెల్లటి కట్టు ఉంది.

ఆమె ఆ కట్టు వైపు చూసింది. “ఎన్నాళ్లయిందే?”

“ఎవరికీ చెప్పకక్కా.”

ఆ పిల్లకి ఇంకా ఇరవై నిండలేదు.