రాజవ్వ ఎత్తిన చెయ్యి

మీరెవరో నాకు తెలియదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను. ఊళ్లో చెబితే సగం మంది సర్దిచెబుతారు, సగం మంది నోరు మూయిస్తారు. నాకు రెండూ వద్దు. ఒక ముసలమ్మ అడిగిన చిన్న ప్రశ్నకు నేను చెప్పిన అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇక నావల్ల కాదు.

మొగుళ్లపల్లికి దగ్గర్లో ఒక ఊరి పంచాయతీలో నేను కారోబార్‌ని. కాగితాలు, తీర్మానాల పుస్తకం అన్నీ నా చేతిలోనే ఉండేవి. తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకున్న రోజులవి. కరెంటు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వీధి దీపాలకు, మంచినీళ్ల మోటర్లకు మీటర్లు పెడతాం, పంచాయతీ తీర్మానం చేసి ఒప్పుకోవాలి, లేదంటే లైను తీసేస్తాం అని. ఉత్తరం తెచ్చిన అధికారితో మా సర్పంచ్ "గిట్లెట్ల జేస్తరు సార్?" అన్నాడు. ఆయన ఆ మాటనే వెక్కిరించి నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మా పక్కన భూపాలపల్లిలోనే బొగ్గు తవ్వుతారు. బొగ్గు మాది, దుమ్ము మాది, మళ్లీ మీటరూ మాకేనా? ఈ మాట ఇప్పటికీ అంటాను. దీనికి ఎవడికీ క్షమాపణ చెప్పను.

ఆ ఉత్తరం చివర ఇంకో వాక్యం ఉంది. ఏ వార్డు సభ్యుడైనా తన వార్డు నీళ్ల మోటరుకు మాత్రం ఒప్పుకుంటున్నట్టు తీర్మానంలో రాయిస్తే, ఆ ఒక్క లైను ఉంచుతారట. సమావేశంలో ఉత్తరం చదివింది నేనే. ఆ వాక్యం చదవలేదు. మరిచిపోయి కాదు, ఏకగ్రీవం చెడిపోతుందని. మండలంలో వేసిన దీక్షా శిబిరంలో, ఏకగ్రీవంగా కాదన్న ఊళ్ల పేర్లు మైకులో చదువుతున్నారు. అందులో మా ఊరి పేరు వినాలని నాకు ఎంత ఆశో! ఊరి కోసమా, నా కోసమా? రెండూ అనుకోండి.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. సమావేశం మొదట్లోనే ఖాళీ పేజీ అడుగున అందరి సంతకాలూ వేలిముద్రలూ తీసుకునేవాళ్లం. పైన తీర్మానం తర్వాత తీరిగ్గా నింపేవాణ్ణి. రాజవ్వ కూడా వేలిముద్ర వేసి గడప పక్కన కూర్చుంది. ఊరి చివరి వాడ నుంచి గెలిచిన వార్డు సభ్యురాలు ఆమె. కూలికి పోయే మనిషి, చదువు లేదు. మిగతా సభ్యులంతా లేచి నిలబడి జై తెలంగాణ అని అరుస్తున్నారు. ఆమె మెల్లగా చెయ్యెత్తింది.

"దీపాలు లేకున్నా మంచిదే. మా వాడ మోటరుకు ఒప్పుకుందం. మాకు వేరే నీళ్లు లెవ్వు" అంది.

నేను దాచిన దారిని ఆమె ఏ ఉత్తరమూ చదవకుండానే పట్టుకుంది. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. ఎదురుగా కూర్చున్న నాకు వినపడింది. ఆమె వైపు చూశాను కూడా. అయినా 'సభ్యులందరూ ఏకగ్రీవంగా తిరస్కరించారు' అని రాశాను.

మా ఊరి పేరు మైకులో చదివారు. నా మెడలో దండ వేశారు. వారం తిరక్కుండా లైను పోయింది. నడి ఊళ్లో ఉన్న మాకు ఇళ్లలో బావులున్నాయి. చీకటిని గర్వంగానే భరించాం. వాడ ఆడవాళ్లు మాత్రం ఆ ఎండాకాలమంతా బిందెలతో పొలాల బావి దాకా నడిచారు. మోటరు అడగమని పంపితే వేలిముద్ర వేసి వచ్చిందని రాజవ్వ మీద దుమ్మెత్తిపోశారు.

ఒక మధ్యాహ్నం ఆమె ఆఫీసుకు వచ్చింది. నేనొక్కణ్ణే ఉన్నాను.

"కారోబార్ బిడ్డా, ఆ పేజీ జర సదువు. నేను మోటరు అడిగిన అని లేదా అండ్ల?"

"లేదవ్వా."

"చెయ్యెత్తిన గద. నువ్వు నా దిక్కే చూస్తివి."

"నేను చూడలే అవ్వా. నువ్వు చెయ్యెత్తలే. మనసుల అనుకున్నవేమో."

ఆమె నాలుగు తిట్టినా బాగుండేది. తన కుడిచేతిని కాసేపు చూసుకుంది. "అయితే నాకే మతి తప్పినట్టున్నది బిడ్డా" అంది. వాడకు పోయి తప్పు నాదేనని అందరికీ చెప్పిందట. వానలు పడ్డాక సర్పంచ్ ఎలాగో తిరిగి లైను వేయించాడు. కానీ రాజవ్వ మళ్లీ ఏ సమావేశంలోనూ నోరు తెరవలేదు. ఇంటి దగ్గర కూడా కూతురిని అడిగేదట, "పొద్దుగాల నేను గిట్ల అన్ననా, అనలేదా?" అని.

రాష్ట్రం వచ్చిన రోజు నేనూ రంగులు చల్లుకుని ఎగిరాను. ఆ సంతోషంలో రవ్వంత కూడా వెనక్కి ఇవ్వను. కానీ మా మాటను వెక్కిరించినవాడి మీద అంత మండిపడ్డ నేను, రాజవ్వ మాటను ఏం చేశాను? వాడు నవ్వి వెళ్లిపోయాడు. నేను ఆమె మాట ఆమెకే లేకుండా చేశాను. ఉద్యమం కోసమే కదా అని ఓదార్చకండి. ఆ మధ్యాహ్నం ఆఫీసులో ఉద్యమం లేదు, నేనే ఉన్నాను. దండ వేయించుకున్న మెడ వంచలేక అబద్ధమాడాను.

ఆమె పోయి మూడేళ్లు. క్షమించగల ఆ ఒక్క మనిషీ ఇప్పుడు లేదు, మరొకరి క్షమ నాకు అక్కర్లేదు. ఈ కాగితానికి ఒక నకలు రాసి తీర్మానాల పుస్తకంలో ఆ పేజీలోనే పెడతాను. పేరు రాయలేదు గానీ, నా చేతిరాత ఊళ్లో అందరికీ తెలుసు. చింపేవాళ్లు చింపుకోనీ. అప్పుడు రాయాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

అవ్వా, నీకు మతి తప్పలే. నువ్వు చెయ్యెత్తినవ్. నేను చూసిన.