చెమట ఆగిన మధ్యాహ్నం

ఎర్రప్ప నేసిన చీరకు మరక ఉండదని ధర్మవరంలో పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఆయన నడి ఎండాకాలంలోనూ కిటికీలు మూసి, ఫ్యాను ఆపి మగ్గం గుంతలో కూర్చుంటాడు. వడగాలి తగిలితే పట్టుపోగు తెగుతుంది. చెమట చుక్క పడితే జరీ నల్లబడుతుంది. అందుకని మెడకో తువ్వాలు. పెండ్లయిన కొత్తలో మగ్గం దగ్గరికి నీళ్లచెంబు తెచ్చిన పాపానికి భార్య ఆంజినమ్మ తిన్న తిట్లు ఆమెకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

ఆ మే నెల మధ్యాహ్నం పెండ్లిచీర హంసల కొంగు దాకా వచ్చింది. తెగిన పోగు అతకడానికి వంగిన ఆంజినమ్మకు మొగుని తువ్వాలు పొడిగా కనబడింది.

"ఈ పొద్దు నీకు చెమటే పట్టలేదు కదయ్యా," అంది.

"చీరకు మంచిదే కదా," అన్నాడు ఎర్రప్ప.

ఇద్దరూ సంతోషపడ్డారు.

కాసేపటికి ఆయన అడ్డపోగు నాడె విసరడం ఆపి, "కొంగులో హంసలు కుదురుగా లేవు, తరుమే," అన్నాడు.

ఆంజినమ్మ నవ్వబోయి ఆగింది. ఎర్రప్ప పుట్టి బుద్ధెరిగి తమాషా ఆడిన మనిషి కాదు. వీపు మీద చెయ్యి వేస్తే పెనం తాకినట్టుంది. ఒళ్లు కాలిపోతూ మతి తప్పి మాట్లాడితే అది ఎండదెబ్బేనని, ఆలస్యం చేస్తే ప్రాణం దక్కదని ఆశా కార్యకర్త జ్యోతి మొన్న వీధిలో అందరికీ చెప్పింది. నీడపట్టున కూర్చునే మనకెందుకులే అని ఆంజినమ్మ ఆ రోజు సగంలోనే లేచి వచ్చేసింది.

"శశీ! మీ అన్నకు ఎండదెబ్బ తగిలినాదిరా! నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యి!" అని పక్కింటి శశికుమార్‌ను కేకేసి, కడవెత్తి మొగుని నెత్తిన కుమ్మరించింది. మనిషితో పాటు మగ్గం మీది చీరా తడిసింది.

శశికుమార్ ఫోన్ చేస్తూనే పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి ఆయన్ను గుంతలోంచి లాగి ఫ్యాను కింద పడుకోబెట్టారు.

"మజ్జిగ తాపుదామా వదినా?"

"తెలివి తప్పినోనికి నోట్లో పోస్తే పొలమారతాది. ఒంటిమీద నీళ్లు పొయ్యి."

బండి వచ్చేదాకా పోస్తూనే ఉన్నారు. ఆంజినమ్మ ఏడుస్తూ పోసింది.

ఎర్రప్ప బతికాడు. అంత వేడిలో చెమట ఆగిపోవడం ఎండదెబ్బకు ఒక గుర్తని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. మళ్లీ గుంతలో దిగిన రోజున కిటికీలు తెరిచి ఉన్నాయి, ఫ్యాను తిరుగుతోంది, చేతికందేచోట నీళ్లచెంబు ఉంది.

"పోగులు తెగుతాయే," అని గొణిగాడు.

"తెగనీ. అతికేదానికి నేనుండా. నువ్వు తెగితే అతికేది నాకు రాదు."

ఆమె మాటిమాటికీ లేచి ఆయన వీపు తడిమి చూసేది. ఒక మధ్యాహ్నం ఆయన నుదుటి నుంచి చెమట చుక్క జారి జరీ మీద పడింది. ఎర్రప్ప తిట్లు లంకించుకున్నాడు. ఆంజినమ్మ ఆ మరకను చూసి దేవునికి దణ్ణం పెట్టుకుంది.