గ్యారంటీ కార్డు పట్టుకుని పాకాల నుంచి చిత్తూరుకు

పాకాల నుంచి చిత్తూరుకు ఎలా వెళ్ళాలో, ఎంతసేపు పడుతుందో రాయమని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. రాస్తాను గానీ, ఆ దారి తలుచుకుంటే నాకు కొండలూ మామిడి తోటలూ గుర్తుకు రావు, ఒళ్ళు మండుతుంది. ఎనభైల మొదట్లో, నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతుండగా, కాలిపోయిన కరెంటు మోటరును వెంటబెట్టుకుని మా నాయనతో చేసిన ప్రయాణం అది. మోటరు కొని ఏడు నెలలే అయింది. మార్చి ఎండలు ముదిరాయి. బావిలో నీళ్ళున్నా పైకి తెచ్చే దారి లేదు. ఇంకో పది రోజులు తడి అందకపోతే చెరుకు మొత్తం పోయినట్టే. సొంత ఖర్చుతో బాగుచేయించుకునే స్తోమత ఆ ఏడు మాకు లేదు. ఉన్నదల్లా, ఏడాది వరకు భయం లేదని చెప్పి అంగడాయన చేతిలో పెట్టిన ఒక ఇంగ్లీషు కార్డు. దాన్ని మా అమ్మ దేవుడి గూట్లో దాచి, ఆయుధపూజ నాడు మోటరుతో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టింది. చదవలేని కాగితాలన్నీ మా ఇంట్లో ఆ గూటికే చేరేవి.

మా ఊరి నుంచి ఆరింటి బస్సుకి పాకాల చేరి, అక్కడ ఏడింటికి చిత్తూరు బస్సు పట్టుకున్నాం. గంటా పావు ప్రయాణం, మనిషికి మూడు రూపాయల లోపే. గోనెసంచిలో చుట్టిన మోటరును ఇద్దరు కూలీలు బస్సు పైకెక్కించారు. కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొడుతూ, "ఏందప్పా, ఇంత బరువుండాది?" అని అడిగాడు. మా నాయన ఆ మాట కోసమే కాచుకున్నట్టు, "మోటరు కాలిపోయినాదప్పా. కంపెనీ కాగితం ఇంగ్లీషులో ఉండాది. మా పాప సదవతాది, అందుకే పిల్సకపోతాండా" అని బస్సంతా వినేటట్టు చెప్పాడు. "అట్లయితే ఇంకేం, నీ పని అయినట్టే పో!" అన్నాడు కండక్టరు. నేను మాత్రం కిటికీ వైపు తిరిగాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా ఆవు మీద ఒక వ్యాసం, జ్వరమొచ్చిందని హెడ్మాస్టరుకు ఒక సెలవు చీటీ. ఐదేళ్ళు చదివితే నాకు నేర్పింది అదీ! మా ఇంట్లో ఆవు లేదా, దాని గురించి ఇంగ్లీషులో తెలుసుకోవడానికి? మందు సీసా మీద ఏముందో, ఎరువు మూట మీద ఏముందో ఒక్కరోజైనా చదివించారా?

చిత్తూరు బస్టాండు నుంచి రెండు రూపాయలకు రిక్షా మాట్లాడుకుని, మోటరు కొన్న అంగడికి వెళ్ళేసరికి తొమ్మిదైంది. అప్పటికే అక్కడ ఒక పెద్దాయన, పూతలపట్టు వైపు రైతట, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అంగడాయన మా కార్డు తీసుకుని, దాని మీది కుంకుమ చూసి పకపకా నవ్వాడు. "దీనికి హారతి గూడా ఇచ్చినారా ఏంది? కొన్న పదైదు దినాల్లో ఈ సగం నింపి, సించి, కంపెనీకి పంపించల్ల. నువ్వు పంపలా. గ్యారంటీ లేదు, ఏం లేదు. తప్పు నీదే!" అన్నాడు. "మాకు తెలీదు సామీ. ఇంగ్లీషు మాకు యాడొస్తాది? మా పాప సదవతాదనే పిల్సకొచ్చినా" అన్నాడు నాయన. "మీ పాప సదవతాదంటివే, సదవమను." కార్డు నా చేతిలో పడేశాడు. పెద్దక్షరాల్లో ఉన్న ఒక వాక్యం కింద వేలు పెట్టాడు. పదిహేను రోజులన్న మాట నిజంగానే ఉంది. మిగతాది ఒక్క ముక్క అర్థం కాలేదు. అంగడాయన మళ్ళీ నవ్వాడు. మా నాయన భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, "తప్పే సామీ, తప్పు మాదే" అన్నాడు. ఆ మాట ఈ రోజుకీ నా చెవుల్లో ఉంది. సిగ్గూ కోపమూ కలిసి నాకు ఏడుపొచ్చింది.

మోటరును అరుగు పక్కనే వదిలి, ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లోకి వెళ్ళాం. ఇడ్లీలు చెప్పాడు గానీ నాయన ముట్టుకోలేదు. నేను కార్డు ముందేసుకుని మొదటి నుంచి ఒక్కో మాటా చదవసాగాను. ఖాళీ గళ్ళకు పైన, చీమల బారంత సన్నటి అక్షరాల్లో ఒక వరస ఉంది. 'టు బి ఫిల్డ్ ఇన్ బై ది డీలర్.' ఫిల్ ఇన్ నాకు తెలుసు. ఖాళీలు పూరింపుము అని ప్రతి పరీక్షలోనూ ఉండేదే కదా! చివరి మాట దగ్గరే ఆగిపోయాను. గ్లాసులో కాఫీ తిరగబోస్తున్న హోటలాయన్ని, "డీలరంటే ఏమి మామా?" అని అడిగాను. "అదేం పాపా, మీ ఊళ్ళో బియ్యం డీలరు లేడా? సరుకు తెప్పించి మనకి అమ్మేవాడు! నాకు ఇంగ్లీషు రాదు గానీ ఆ మాట ఎవురికి తెలీదు?" అన్నాడు. ఇడ్లీ వదిలేసి లేచాను.

అంగట్లోకి వెళ్ళి కార్డు బల్ల మీద పెట్టాను. ఆ వరస గట్టిగా చదివి, "ఈ గళ్ళు నింపాల్సింది డీలరు. అంటే కొన్నోళ్ళు కాదు, అమ్మినోళ్ళు. మీరే! మీరు నింపకుండా తప్పు మా నాయనదని ఎట్లంటారు?" అన్నాను. "అదంతా కంపెనీ రూలు పాపా, నీకు తెలీదు" అన్నాడాయన. "మళ్ళా సదవమంటే సదవతాను. ఈ వరసకి అర్థం మీరే చెప్పండి!" అన్నాను. అరుగు మీది పెద్దాయన లేచొచ్చి, జేబులోంచి మడతలు పడిన తన కార్డు తీశాడు. "ఇందులోనూ అదే ఉండాదేమో సూడు తల్లీ." చూశాను. అవే గళ్ళు, అంతే ఖాళీగా! "నాకూ నా తప్పే అంటివి గదప్పా!" అని ఆయన అరిచేసరికి వీధిలో పోయేవాళ్ళు నిలబడిపోయారు. అంగడాయన పెన్ను తీశాడు. కొన్న నాటి తేదీలతోనే రెండు కార్డులూ నింపి ముద్ర వేశాడు. మోటరు లోపలికి చేరింది. నాలుగో రోజుకల్లా పైసా తీసుకోకుండా బాగుచేసి ఇచ్చారు. చెరుకు దక్కింది.

మీలో ఎవరైనా ఏ వస్తువైనా కొనడానికి ఎంత దూరం వెళ్ళినా, నేను చెప్పే జాగ్రత్త ఒక్కటే. కార్డులో ఖాళీ గడి ఏదీ మిగలకుండా అంగట్లోనే నింపించుకుని, ముద్ర వేయించుకుని, అప్పుడే మెట్లు దిగండి. అంగడాయన మీద కోపం ఎన్నడో చల్లారింది. కొన్నవాడికి రాని భాషలో కాగితం అచ్చేసి, చదవలేదని వాడినే నిందించే తీరు మీద మాత్రం నాకింకా తగ్గలేదు, తగ్గదు. ఆ రోజు తిరుగు బస్సులో మా నాయన దారి పొడుగునా ఆ కార్డునే తిప్పి తిప్పి చూసుకున్నాడు. సంతోషం పట్టలేక అనుకున్నాను. ఇంటికి రాగానే దేవుడి గూట్లోని కాగితాలన్నీ దించి నా ముందర పోశాడు. సొసైటీవి, బ్యాంకువి, కరెంటాఫీసువి, అన్నీ ఇంగ్లీషువే, అన్నిటి కిందా ఆయన సంతకమే. "కూసోని అన్నీ సదువు పాపా" అన్నాడు. "నాది కాని తప్పు యాడయాడ ఒప్పుకొని ఉండానో సూడు."