వదిలేసిన తిరువూరు బస్సు

నేను డిగ్రీ పాసయ్యానండీ! మా ఇంటావంటా మొదటిదాన్ని. పొద్దున ఫోన్లో రిజల్టు చూపిస్తే అమ్మ, "నీ నంబరేనా? సరిగ్గా చూశావా?" అని అడుగుతూనే ఉంది. ఆవిడకి అన్నీ అనుమానాలే. కానీ నా డిగ్రీ ఆ అనుమానం పుణ్యమే.

మాది మైలవరం, కాలేజీ విజయవాడలో. పొద్దున తిరువూరు నుంచి వచ్చే బస్సులో కాలు పెట్టే సందుండదు. దాని తరవాత మైలవరంలోనే బయల్దేరే బస్సొకటుంది, అది ఖాళీ. నేను రోజూ మొదటిది వదిలేసేదాన్ని. ఉన్న ఒక్క గదిలో టీవీ, తమ్ముడి గోల. నాకు చదువుకునే చోటు ఆ రెండో బస్సులో కిటికీ సీటే.

బస్టాండులో పూలమ్మే ఆవిడ మా వీధిలోనే ఉంటుంది. ఓరోజు అమ్మతో అందట: "మీ పిల్ల ఎదురుగా వచ్చిన బస్సు వదిలేస్తందేంటొదినా? ఎవరి కోసమో మరి!"

మా పెదనాన్న కూతురి చదువు ఇలాంటి మాటతోనే ఇంటర్‌లో ఆగిపోయింది. నాన్న చెవిన పడితే నాదీ అంతే.

అమ్మ నన్నేమీ అడగలేదు. బాక్సు మూత తీసి, "ఇంత అన్నం ఎందుకే? ఇద్దరికా?" అనేది. నా ఫోను మోగితే నా వైపు తల తిప్పేది. ఈవిడ ఏదో దాస్తోందని నాకూ అనుమానం మొదలైంది.

ఒకరోజు మామిడితోటలో పని మానుకుని, "బెజవాడలో పనుంది" అంటూ నా వెంట వచ్చింది. తిరువూరు బస్సు వచ్చి వెళ్ళేదాకా నా మొహమే చూసింది. రెండో బస్సులో నా పక్కనే కూర్చుంది. ముందు సీట్లో ఒకతను వెనక్కి తిరిగాడు.

"ఆంటీ, ఇది కొండపల్లిలో ఆగుద్దా?"

"నీకెందుకు?"

"దిగాలండీ..."

"దిగేదాకా ముందుకు చూస్కో."

కండక్టర్ నవ్వాడు. "మీ అమ్మాయా అండీ? పుస్తకంలో తల పెట్టిందంటే పాస్ చూపించమన్నా వినపడదు."

"నీకింత బాగా తెలుసేం?"

"రోజూ అరిచేది నేనే కదమ్మా!"

గొల్లపూడి దాటేదాకా నేను పేజీలు తిప్పుతున్నానో లేదో అమ్మ వంగి వంగి చూసింది. బెజవాడలో దిగాక అడిగింది.

"అయితే సీటు కోసమా?"

"ఔనమ్మా."

"ఆ ముక్క ఇంట్లో చెప్పి చావొచ్చుగా!"

"చెప్తే నమ్ముతావా?"

కాసేపు ఆలోచించింది. "నమ్మను," అంది.

ఆ సాయంత్రం నాన్న అన్నం ముందు కూర్చుని, "పిల్ల బస్సులు వదిలేస్తందంటగా? రేపట్నుంచి కాలేజీ లేదు, గీలేజీ లేదు," అన్నాడు.

అమ్మ కూర వడ్డిస్తూనే చెప్పింది. "నుంచుని చదవలేక వదిలేస్తంది. నేనెక్కి చూసొచ్చా."

"నువ్వా?"

"నేనే. ఇంకా అనుమానమైతే రేపు మీరెళ్ళండి."

నాన్న అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు తిరువూరు బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను బస్టాండు బల్ల మీంచి లేవలేదు.