ఆవఘాటు పాఠం

నేను చదువంతా ఉర్దూలో చదివాను. ఉద్యోగం దొరికేసరికి ప్రభుత్వం మారింది, బడి తెలుగులోకి వచ్చింది. మంచిర్యాల హైస్కూల్లో సైన్సు చెప్పడానికి నిలబడితే సగం మాటలు నాకు తెలుగులో తోచేవి కావు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం నా భార్యకు జ్వరం వచ్చింది. ఆమెది బోథ్ దగ్గర పల్లె. దోసకాయ పెరుగుపచ్చడిలో ఆవముద్ద కలపకపోతే ఆమెకు నోటికి సయించదు.

"జర ఆవాలు నూరి పెట్టుండ్రి" అని మంచం మీది నుంచే చెప్పింది.

సైన్సు సారును కదా, నూరిన ఆవపిండిలో క్రిములు చావాలని సలసల కాగే నీళ్లు పోశాను. పచ్చడి కలిపి గర్వంగా తెచ్చి ముందు పెట్టాను. ఆమె నాలుక మీద పెట్టుకుని నా ముఖం చూసింది.

"గిదేంది? ఘాటే లేదు, వట్టి చేదు!"

"వేడినీళ్లు పోసిన. శుభ్రంగ ఉంటదని."

"అయ్యో! చల్లటి నీళ్లు పోసి జరసేపు మూత పెడ్తరు. మా ఊర్ల ఎవలనడిగినా చెప్తరు. మీ బడిపిల్లలు ఏం నేర్చుకుంటున్నరో, పాపం!"

జ్వరంలో కూడా ఆమె నవ్వు ఆగలేదు.

నాకు రోషం వచ్చింది. ట్రంకుపెట్టె తెరిచి పాత ఉర్దూ నోటుబుక్కులన్నీ తిరగేశాను. చివరికి దొరికింది. ఆవగింజలో ఘాటు ముందుగా ఉండదట. ఘాటుకు మూలమైన పదార్థం ఒకచోట, దాన్ని విడగొట్టే పదార్థం వేరొకచోట ఉంటాయి. గింజ నలిగి తడి తగిలాకే రెండూ కలుస్తాయి, ఘాటు పుడుతుంది. మరిగే నీళ్లు పోస్తే ఆ రెండోది పనికిరాకుండా పోతుంది. ముల్లంగి, గోబీ కూడా ఈ కుటుంబానివే. పురుగు కొరికితే దాని నోరు మండాలని మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది.

మరునాడు రెండు గిన్నెల్లో ఆవపిండి తీసుకుని తరగతికి వెళ్లాను. ఒకదాంట్లో వేడినీళ్లు, ఒకదాంట్లో చన్నీళ్లు పోసి మూతపెట్టాను.

"రాయిని నూరితే ఘాటు పుడ్తది" అని మొదలుపెట్టాను.

ఉర్దూలో ఆవాలను రాయి అంటారు. అలవాటుగా అదే నోట్లోంచి వచ్చింది.

ముందు వరుస పిల్లవాడు లేచాడు. "సార్, రాయిని నూరనీకి ఇంకెంత పెద్ద రాయి గావాలె?"

తరగతి గొల్లుమంది. ఆ కంగారులో చన్నీళ్ల గిన్నె మూత తీసి, ఇలా వాసన చూడాలని చూపిస్తూ గట్టిగా పీల్చాను. ముక్కులోంచి నడినెత్తి దాకా మంట ఎక్కింది. కళ్ల వెంట ధారగా నీళ్లు.

అదే సమయానికి హెడ్మాస్టరు గారు గుమ్మంలోకి వచ్చారు. పెద్దాయన, ఎప్పుడూ జలుబుతో బాధపడే మనిషి. నన్ను చూసి ఆయన ముఖం పాలిపోయింది.

"అరె, ఏమైంది సార్? ఇంటికాడ అంత ఖైరియతేనా? టెలిగ్రామొచ్చిందా?"

నేను గిన్నె వైపు చెయ్యి చూపించాను. ఆయన అందులోకి వంగారు. పీల్చారు. మరుక్షణం ఇద్దరం ఎదురెదురుగా నిలబడి ఏడుస్తున్నాం. పిల్లలు కాసేపు నోళ్లు మూసుకుని ఓర్చుకున్నారు. ఆ తర్వాత నవ్వు ఆపడం ఎవరి వల్లా కాలేదు.

ఆయన రుమాలుతో ముఖం తుడుచుకుని, రెండుసార్లు గాలి పీల్చి వదిలారు.

"ముక్కు సాఫైంది భాయ్! నాలుగు దినాలసంది పరేషానున్న. గీ సబక్, గీ పాఠం మంచిగుంది, చెప్పుండ్రి, చెప్పుండ్రి" అంటూ వెళ్లిపోయారు.

పరీక్షల్లో ఆవఘాటు మీద ప్రశ్న అడిగాను. అందరూ బాగా రాశారు. ముందు వరుస పిల్లవాడు మాత్రం ఇలా రాశాడు: "ఆవమొక్క తనను కాపాడుకొనుటకు పురుగులను, సార్లను ఏడిపించును." నేను ఎర్రసిరా కలం పట్టుకుని ఆలోచిస్తుంటే, నా భార్య నా భుజం మీదుగా చదివి, "పూర్తి మార్కులెయ్యుండ్రి" అంది. వేశాను.