ఆరాగారి అరచెయ్యి

నదీమూలం, ఋషిమూలం అడగకూడదని పెద్దలన్నారు. మా తోడల్లుడు ఆ రెండూ వదిలేసి, మిగతా అన్నిటి మూలాలూ అడుగుతాడు. ఏ వస్తువు కనబడినా ఆయన నోట వచ్చే మొదటి మాట, "ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది?" అందుకే మా ఆస్పత్రిలో అందరూ ఆయన్ని ఆరాగారు అంటారు.

అత్తారింట్లో తొలి భోజనంనాడు వంకాయ కూర నోట్లో పెట్టుకోగానే, "ఈ వంకాయలు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?" అన్నాడు. పురుగు తగిలిందేమోనని మా అత్తగారు గిన్నెతో సహా లోపలికి పట్టుకుపోయింది. "అయ్యో, బాగున్నాయనే అడిగానండీ! మళ్ళీ కావాలంటే ఎక్కడికెళ్ళాలో తెలియొద్దూ?" అంటూ ఈయన వంటింటి గుమ్మం దాకా వెంటపడ్డాడు. కూర తిరిగి రాలేదు. పక్కన కూర్చున్న పాపానికి నాకూ దక్కలేదు. ఆ కోపం నాకు చాలాకాలం ఉంది.

నాకు జలుబు చేస్తే, "ఎక్కణ్ణుంచి తెచ్చావోయ్?" అన్నాడు.

"నిన్న మీరు నా మొహం మీద తుమ్మారు కదన్నయ్యా, అక్కణ్ణుంచే!"

"తెలిసిందిగా, ఇక దిగుల్లేదు," అని హాయిగా వెళ్ళిపోయాడు.

ఇలాంటి మనిషికి దేవుడు తగిన ఉద్యోగమే ఇచ్చాడు. ఆస్పత్రి కంప్యూటర్ల బాగోగులు ఆయనవి, మందుల కౌంటరు నాది. కంప్యూటర్లో వేసుకునే ప్రోగ్రాములు నెట్‌లో ఉండే గిడ్డంగుల నుంచి దిగుతాయట. వాటిని రిపాజిటరీలంటారట. ఒకే ప్రోగ్రాము రెండు గిడ్డంగుల్లో ఉంటే, కంప్యూటరు మనల్ని అడక్కుండా కొత్త వెర్షన్ నంబరున్నదాన్ని తెచ్చేసుకుంటుందట. ఆరాగారు మాత్రం ప్రతి ప్రోగ్రామునూ నిలబెట్టి ఏ ఊరని అడుగుతాడు.

"పనిచేస్తోంది కదన్నయ్యా, ఇంకెందుకు?"

"పనిచేసినన్నాళ్ళూ ఎవరూ అడగరోయ్."

ఒక సోమవారం పొద్దున నా కౌంటర్లో లేబుళ్ళకి పిచ్చెక్కింది. మందు పేరొస్తోంది గానీ, ఎన్ని మాత్రలు వేసుకోవాలో రావడంలేదు. క్యూ గేటు దాకా పాకింది. మేనేజరు రుసరుసలాడుతూ వచ్చి, కొత్తగా చేరిన టెక్నీషియన్ అమ్మాయి మీద పడ్డాడు.

"నిన్న అప్‌డేట్ చేసింది నువ్వేగా? చెడగొట్టావ్! రేపట్నుంచి రానక్కర్లేదు."

"రెండు కౌంటర్లకీ ఒకేలా చేశాను సార్. పక్కది బాగానే ఉంది," అంది ఆ అమ్మాయి కళ్ళనీళ్ళతో. ఈ ఉద్యోగాన్ని నమ్ముకునే ఆ అమ్మాయి తన చెల్లెల్ని కాలేజీలో చేర్చిందని మా అందరికీ తెలుసు.

అప్పుడొచ్చాడు ఆరాగారు. "ఈ లేబుల్ ప్రోగ్రాము ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఇల్లు కాలి నేనేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టుందయ్యా నీ వ్యవహారం!" అని మేనేజరు అరిచాడు.

ఆయన వినిపించుకుంటేగా! పక్క కౌంటర్లో కంప్యూటర్ని అడిగాడు. మా ఆస్పత్రి సొంత రిపాజిటరీ నుంచి వచ్చిందని చెప్పింది. నా కౌంటర్లోదాన్ని అడిగాడు. ప్రింటర్లమ్మే కంపెనీవాళ్ళు ప్రయోగాలకి పెట్టుకున్న రిపాజిటరీ నుంచట. ఇంకా ఉడకని సరుకన్నమాట.

"అమ్మాయి చేసిన పని సరైందేనండీ. ఈ మెషిన్‌కి ఎప్పుడో పరాయి గిడ్డంగిని తగిలించారు. అప్‌డేట్ అనగానే అక్కణ్ణుంచి తెచ్చుకుంది. ఎవరు చేసినా ఇంతే."

గిడ్డంగిని తగిలించిన ఫైలు తెరిచాడు. నేను ఆయన భుజం మీంచి తొంగిచూశాను. "డెమో కోసం, తాత్కాలికం" అని మొదటి వరుసలోనే ఉంది, పక్కన మేనేజరు పేరు. నేను నోరు తెరిచేలోపు ఆరాగారి అరచెయ్యి ఆ వరుస మీద పడింది. మిగిలిన ఒంటిచేత్తోనే టకటకా కొట్టి ఆ గిడ్డంగిని పీకేశాడు, మా రిపాజిటరీ నుంచి పాత ప్రోగ్రామును మళ్ళీ ఎక్కించాడు.

ప్రింటరు గుర్రుమంది. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, భోజనం తర్వాత." ముందున్న ముసలాయన ఆ లేబుల్ని కప్పు గెలిచినవాడిలా ఎత్తి చూపించాడు. క్యూ క్యూ అంతా చప్పట్లు కొట్టింది. మేనేజరు ఆ అరచేతి వంకే చూస్తూ, "రేపు మామూలుగానే రామ్మా," అన్నాడు.

భోజనాల దగ్గర ఆయన్ని నిలదీశాను. "పేరు కనబడిందిగా అన్నయ్యా, చెప్పేయొచ్చుగా!"

"ఎక్కణ్ణుంచని అడుగుతానోయ్. ఎవరని ఎప్పుడైనా అడిగానా?"

ఎంత గుర్తుతెచ్చుకున్నా, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. వంకాయల నాటి కోపం నాకు అక్కడితో పోయింది.

సాయంత్రం మేనేజరు స్వయంగా కేకు తెచ్చి ఆ అమ్మాయి ముందు పెట్టాడు. ఆరాగారు ముక్క నోట్లో వేసుకోగానే అందరం ఊపిరి బిగబట్టాం.

"బేకరీ నుంచి వచ్చిందండీ," అని మేనేజరే ముందు చెప్పేశాడు. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "ఆ రిపాజిటరీ మాత్రం నా దగ్గర్నుంచే వచ్చిందమ్మా. పొద్దున నోరు జారాను," అన్నాడు.

ఎవరు ఏమంటారోనని ఆయన తల వంచుకు నిలబడ్డాడు. ఆరాగారు రెండో ముక్క అందుకుంటూ అడిగాడు:

"బేకరీ అంటే, ఏ వీధిలోదండీ?"